దొడ్డమ్మ పైత్యం

మన తెలుగు సినిమాల్లో హీరోయిన్ కళ్ళు తిరిగి పడిపోతే తర్వాత ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. డాక్టరమ్మ నాడి పట్టుకుని చూసి చిరునవ్వు నవ్వుతుంది. హీరో గెంతులు వేస్తాడు. అత్తగారు పంచదార డబ్బా తెచ్చి అందరి నోళ్ళూ తీపి చేస్తుంది.

నాకు నలభై మూడో ఏట, ఒక శ్రావణ శుక్రవారం పొద్దున్న, పూర్ణం బూరెలు వేయిస్తూ వేయిస్తూ కళ్ళు తిరిగి కూలబడితే ఎవరూ గెంతలేదు. మావారు పరుగెత్తుకొచ్చి ముందు స్టవ్ ఆర్పారు. మా అత్తగారు, "పొద్దెక్కేదాకా పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా ఉంటే పైత్యం చెయ్యదూ మరి!" అన్నారు. అందరూ కలిసి నన్ను హాల్లోకి చేర్చి చాప మీద పడుకోబెట్టారు. పైకి చూస్తే ఫాను ఆగే ఉంది. గదే దాని చుట్టూ తిరుగుతోంది! నేను నేలను రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాను. నేలను పట్టుకోవడమేమిటని నవ్వకండి. వదిలితే జారిపోతుందనే అనిపించింది ఆ క్షణాన. కుడిచెవిలో సముద్రం హోరు. ఆ చెవికి ఎవరో దూది కుక్కినట్టు ఒకటే బరువు. మూడు గంటల పాటు కదిలితే వాంతి, కదలకపోతే భయం.

సాయంత్రానికి అంతా సర్దుకుంది. బూరెలు మాత్రం సర్దుకోలేదు.

ఆ తర్వాత నెలకోసారి, రెండు నెలలకోసారి, పిలవని పేరంటానికి వచ్చినట్టు అది రావడం మొదలుపెట్టింది. మొదట చూసిన డాక్టరుగారు బి.పి. చూసి, "నరాల బలహీనత. టెన్షన్ తగ్గించుకోండి. కొన్నాళ్ళు ఆ నవలలు రాయడం మానెయ్యండి" అన్నారు. నా నవలలు చదివితే తల తిరుగుతుందని విమర్శకులు అన్నారు గానీ, రాసినదానికే తిరుగుతుందని అప్పటిదాకా ఎవరూ అనలేదు.

మా అమ్మాయి ఫోను తీసి వెతికింది. కళ్ళు తిరగడానికి కారణాలట, చదువుకుంటూ పోతోంది పిల్ల. రక్తహీనత నుంచి మెదడులో గడ్డ దాకా అన్నీ ఉన్నాయి అందులో. ఒక గంట విన్నాక నాకు మామూలుగానే కళ్ళు తిరిగాయి. "చాల్లేవే" అన్నాను.

ఆఖరికి చెవి, ముక్కు, గొంతు చూసే ఒక డాక్టరమ్మ దగ్గర తేలింది సంగతి. ఆవిడ మందుచీటీ రాయలేదు, ముందు మూడు ప్రశ్నలు అడిగింది. "కళ్ళు తిరిగేముందు చెవిలో హోరు వస్తుందా? ఆ చెవి వినికిడి తగ్గుతోందా? తిరగడం నిమిషాల్లో పోతుందా, గంటలు ఉంటుందా?" అన్నిటికీ జవాబు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఎందుకంటే ఈ జవాబులు నావి కావు. ఇవి నేను చిన్నప్పుడు విన్నవి. మా దొడ్డమ్మవి.

ఆవిడ సంగతి తర్వాత చెబుతాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ అయ్యాక, "మెనియర్ జబ్బు" అంది.

"మెనియరా? మందు పేరా, జబ్బు పేరా?"

"మనిషి పేరమ్మా. ఫ్రాన్సు డాక్టరు" అంది నవ్వి.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. సైన్సంటే ఆమడ దూరం. కానీ మనిషి పేరు అనగానే పట్టుకోవడానికి ఒక కొంగు దొరికినట్టయింది. నా తలలో కాపురం పెట్టినవాడు ఎవడో తెలుసుకోవద్దూ మరి? లైబ్రరీలోనూ, ఇంట్లోనూ, తిరుగుడు లేని రోజుల్లో కూర్చుని చదివాను. ఆ కథే మీకు చెబుదామని.

ప్రాస్పర్ మెనియర్ 1799లో ఫ్రాన్సులోని ఆంజే పట్నంలో పుట్టాడు. పారిస్‌లో వైద్యం చదివి పెద్ద ఆస్పత్రిలో పనిచేశాడు. సాహిత్యం పిచ్చి ఉన్న మనిషి. లాటిన్ కవుల రచనల్లో కనిపించే వైద్య విషయాల మీద 1858లో ఒక పుస్తకమే రాశాడు. 1833లో ప్రభుత్వం ఆయన్ని ఒక తమాషా ఉద్యోగానికి పంపింది. బెరీ రాణీగారని ఒకావిడ రాజు మీద తిరుగుబాటు లేవదీసి పట్టుబడి బ్లే కోటలో ఖైదులో ఉంది. చూస్తే నిండు గర్భిణి! ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండడం ఈయన పని. మన సినిమాల్లో డాక్టరమ్మ చెప్పే శుభవార్త అక్కడ రాజకీయమై కూర్చుంది. ఆ రోజుల సంగతులు ఆయన రాసుకుంటే, ఆయన పోయాక చాలా ఏళ్ళకి కొడుకు అచ్చు వేయించాడు.

1838లో ఆయన పారిస్‌లోని బధిరుల సంస్థకి పెద్ద వైద్యుడయ్యాడు. అక్కడే మన కథ మొదలవుతుంది.

ఆ రోజుల్లో ఎవరికైనా ఉన్నట్టుండి కళ్ళు తిరిగి, వాంతులై పడిపోతే డాక్టర్లందరూ ఒకే మాట అనేవారు: మెదడుకి రక్తం పోటెత్తింది. ఇక వైద్యం ఏమిటో మీరే ఊహించుకోండి. రక్తం ఎక్కువైందిగా, తీసెయ్యడమే. నరం కోసేవారు. జలగలు పట్టించేవారు. విరేచనాలకి మందిచ్చేవారు. అసలే లేవలేని మనిషికి ఇవన్నీ! మన పైత్యం, దానికి ధనియాల కషాయం, నిమ్మకాయ మజ్జిగ ఎంత దయగల వైద్యమో అప్పుడు తెలిసింది నాకు. మన ఆయుర్వేదంలోనూ దీనికి భ్రమ అని పేరు పెట్టి వాతపిత్తాల లెక్కన చెప్పారు. అక్కడైనా ఇక్కడైనా చెవి ఊసు ఎవరికీ తట్టలేదు.

మెనియర్ రోజూ చూసేది చెవిటివాళ్ళని. అదీ ఆయన అదృష్టం. మెదడు డాక్టరు దగ్గరికి తల తిరుగుతోందని వెళ్ళినవాళ్ళు చెవి మాట ఎత్తరు కదా! ఈయన దగ్గరికి చెవి కోసం వచ్చినవాళ్ళు మాటల్లో మాటగా, "మధ్యమధ్య కళ్ళు తిరుగుతాయండీ, హోరు పెడుతుందండీ" అనేవారు. వీళ్ళకి పక్షవాతం రాలేదు. మాట పడిపోలేదు. రెండు రోజులకి లేచి తిరుగుతున్నారు. మెదడు చెడితే ఇలా ఉంటుందా? ఏళ్ళ తరబడి చూసి చూసి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. కళ్ళు తిరగడం, చెవి హోరు, చెవుడు, ఇవి మూడు జబ్బులు కావు. మూడు పాయల జడ. ఆ జడ మొదలు లోచెవిలో ఉంది.

1861 జనవరి 8న పారిస్ వైద్య అకాడమీలో ఈ మాట చదివాడు. సాక్ష్యంగా ఒక అమ్మాయి సంగతి చెప్పాడు. చలికాలం రాత్రి, బహిష్టులో ఉన్న ఆ పిల్ల గుర్రపుబండి పైన ఆరుబయట కూర్చుని ప్రయాణం చేసింది. దిగేసరికి రెండు చెవులూ పోయాయి. ఎటు కదిలినా తిరుగుడు, వాంతులు. అయిదో రోజున చనిపోయింది. కోసి చూస్తే మెదడు బాగానే ఉంది. లోచెవిలోని గొట్టాల్లో మాత్రం ఎర్రని ద్రవం నిండి ఉంది. ఆ పిల్లకి వచ్చింది అసలు ఈ జబ్బు కాదు, వేరేదని తర్వాతివాళ్ళు తేల్చారు. కానీ దారి చూపించింది ఆ పిల్లే. ఆ అమ్మాయి పేరు మాత్రం ఎక్కడా లేదు. చరిత్రలో ఇలాంటి ఆడపిల్లలు ఎంతమందో!

మీకు తెలిసిందేగా, కొత్త మాట చెబితే పెద్దలు వెంటనే తలూపరు. అకాడమీలోనూ పెద్ద స్పందన లేదు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో, 1862లో, మెనియర్ జ్వరం తిరగబెట్టి ఊపిరితిత్తులకి చేరి పోయాడు. ఆ జబ్బుకి ఆయన పేరు స్థిరపడింది 1870లలో. దాన్ని ఆయన వినలేదు.

ఇంతకీ చెవికీ కళ్ళు తిరగడానికీ ఏమిటి సంబంధం?

చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగారు కదా? చేతులు పెనవేసుకుని, వెనక్కి వాలి, గిర్రున తిరిగి తిరిగి ఒక్కసారిగా ఆగిపోతే, మనం ఆగినా పెరడు ఆగదు. బావి గట్టు, జామచెట్టు, ఆరేసిన చీరలు అన్నీ తిరుగుతూనే ఉంటాయి. ఎందుకనో మనం అడగలేదు, మళ్ళీ తిరిగాం. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త అడిగాడు. ఇలాంటి తిరుగుడు మీదే 1820లో పరిశోధన ప్రకటించాడు. మరి కొద్ది ఏళ్ళకి ఫ్లూరాన్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పావురాల లోచెవిలోని చిన్న గొట్టాలను కోసి చూశాడు. పాపం, ఆ పావురాలు ఏ గొట్టం కోస్తే ఆ దిక్కుగా తల ఊపుతూ, బొంగరాల్లా తిరిగాయట. అయినా ఆయన దాన్ని మనుషుల జబ్బుతో కలపలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కలిపినవాడు మెనియర్.

1870లలో మాహ్, బ్రాయర్, క్రమ్ బ్రౌన్ అని ముగ్గురు, ఎవరి మానాన వాళ్ళు, ఈ గొట్టాల రహస్యం విప్పారు. లోచెవిలో అర్ధచంద్రాకారంగా మూడు సన్నని గొట్టాలుంటాయి. వాటిలో నీళ్ళలాంటి ద్రవం ఉంటుంది. నిండు చెంబు పట్టుకుని గభాలున తిప్పి చూడండి. చెంబు తిరుగుతుంది, నీళ్ళు వెనకబడతాయి. చెంబు ఆపండి. నీళ్ళు ఇంకా తిరుగుతాయి. మన తల చెంబు. నీళ్ళు ఎటు కదిలాయో నరం మెదడుకి చేరవేస్తుంది. ఒప్పులకుప్ప ఆగాక పెరడు తిరిగింది ఇందుకన్నమాట. ఒక చెవి నిజం, ఒక చెవి అబద్ధం చెబితే మెదడు ఎవరిని నమ్ముతుంది? ఆ తగవే మనకి తిరుగుడు.

ఈ తగవుని పట్టుకునే పరీక్ష నాకూ చేశారు. పడుకోబెట్టి చెవిలోకి చల్లనీళ్ళు పోస్తారు. తర్వాత వెచ్చనీళ్ళు. కళ్ళు ఎటు కొట్టుకుంటాయో చూస్తారు. ఇదేం మోటు వైద్యమనుకున్నాను గానీ, దీని వెనక నోబెల్ బహుమతి ఉంది సుమా! వియన్నాలో రాబర్ట్ బారనీ అనే కుర్ర డాక్టరు రోగుల చెవులు కడుగుతుంటే, "కళ్ళు తిరుగుతున్నాయి" అనేవారు కొందరు. ఒకాయన నీళ్ళు చల్లగా ఉంటేనే తిరుగుతుందన్నాడు. సరేనని బాగా వేడిగా పోస్తే, అప్పుడూ తిరిగింది. కాకపోతే కళ్ళు రెండో వైపుకి కొట్టుకున్నాయి. వేరొకరైతే నీళ్ళు గోరువెచ్చగా చేసి పని కానిచ్చేవారు. ఈయన ఆగి ఆలోచించాడు. చల్లబడిన నీరు దిగుతుంది, వేడెక్కిన నీరు లేస్తుంది. లోచెవిలో ద్రవమూ అంతే!

1914వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకి ప్రకటించేటప్పటికి మొదటి ప్రపంచయుద్ధంలో రష్యావాళ్ళకి చిక్కి, మధ్య ఆసియాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. స్వీడన్ రాకుమారుడు రెడ్‌క్రాస్ ద్వారా పూనుకుంటే 1916లో విడుదలై వెళ్ళి బహుమతి అందుకున్నాడు. నా చెవిలో చల్లనీళ్ళు పడుతున్నప్పుడు ఈ కథ తెలిసి ఉంటే ఆ డాక్టరమ్మ మీద అంత విసుక్కునేదాన్ని కాదేమో.

మరి మెనియర్ జబ్బులో లోపల ఏమవుతుంది? అది తెలిసింది 1938లో. లండన్‌లో హాల్‌పైక్, కెయిర్న్స్ అనే ఇద్దరు, జపాన్‌లోని ఒసాకాలో యమకావా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే ఏడాది, పోయిన రోగుల లోచెవుల్ని సూక్ష్మంగా పరీక్షించి ఒకే సంగతి చూశారు. లోచెవిలోని పలచని తిత్తి ద్రవంతో ఉబ్బిపోయి ఉంది. వర్షాకాలంలో కాలవ గట్టు మీద పోటు పెట్టినట్టు. అది ఎందుకు ఉబ్బుతుందో పూర్తిగా ఈనాటికీ తేలలేదు.

ద్రవం ఉబ్బుతోందంటే ఉప్పు తగ్గించమనడం మామూలే. 1934లోనే అమెరికాలో ఫర్‌స్టెన్‌బర్గ్ అనే డాక్టరు ఉప్పులేని పథ్యం పెట్టాడు. డాక్టర్లు ఇప్పటికీ అదే చెబుతారు. ఆవకాయ వద్దు, మాగాయ వద్దు, అప్పడం వద్దు, వడియం వద్దు, ఊరమిరపకాయ అసలే వద్దు. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషిని మిషిగన్ డాక్టరు ఎక్కణ్ణించో చెయ్యి చాపి కంచం లాగేసినట్టుంది. మా అత్తగారు, ఎంత పైత్యమన్నా ఆవిడ మనసు వెన్న, ఈ ఏడు జాడీలో కొంచెం విడిగా ఉప్పు తగ్గించి కలిపారు. నెల తిరక్కుండా బూజు పట్టింది. ఇద్దరం ఆ జాడీ ముందు కూర్చుని ఎవరో పోయినంత దిగులుపడ్డాం.

అన్నట్టు, అందరి కళ్ళు తిరుగుడూ ఇదే అనుకోకండి. మంచం మీద పక్కకి తిరిగితే, అటక వైపు తలెత్తితే అర నిమిషం గిర్రున తిరిగి ఆగిపోయేది వేరు. అది లోచెవిలోని సన్నని సున్నపు రేణువులు ఊడి గొట్టంలోకి జారడం వల్ల వస్తుంది. దాన్ని కనిపెట్టే పరీక్ష 1952లో హాల్‌పైక్‌తో కలిసి వివరించిన మార్గరెట్ డిక్స్ ఆడడాక్టరు. శస్త్రచికిత్స నేర్చుకున్నావిడ. రెండో ప్రపంచయుద్ధంలో విమానదాడిలో అద్దం ముక్కలు తగిలి ముఖం, కన్ను దెబ్బతింటే కత్తి వదిలి ఈ దారికొచ్చింది. ఆ రేణువుల్ని తలని నాలుగు వైపులా తిప్పి వెనక్కి పంపే ఉపాయం చెప్పినవాడు అమెరికాలో ఎప్లీ. 1980లో చెబితే తోటి డాక్టర్లు నవ్వారు. 1992లో గానీ అచ్చుకాలేదు. ఇప్పుడు చాలామందికి మందే లేకుండా ఆ ఉపాయంతో నయమవుతోంది. అందుకే ఊరికే మాత్రలు మింగకుండా ఏ రకమో చూపించుకోమనేది. ఇంకొక్క మాట. కళ్ళు తిరగడంతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలో చెయ్యో పడినా కషాయాలు కాచుకుంటూ కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.

ఈ జబ్బు ఎలాంటి ఎలాంటివాళ్ళని పట్టుకుందో చూస్తే కాస్త గర్వంగా కూడా ఉంటుంది. మెనియర్ అకాడమీలో చదివిన నూరేళ్ళకి, 1961 మే 5న, అలాన్ షెపర్డ్ అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి అమెరికన్ అయ్యాడు. ఆ తర్వాత రెండు మూడేళ్ళకే మెనియర్ పట్టుకుంది. విమానం ఒంటరిగా నడపడానికి కూడా వీల్లేదన్నారు. ఆఫీసు కుర్చీలో కూర్చుని మిగతావాళ్ళని పైకి పంపడం ఆయన పనయింది. ఆఖరికి మారుపేరు పెట్టుకుని, రహస్యంగా లాస్ ఏంజిలిస్ వెళ్ళి చెవికి ఆపరేషను చేయించుకున్నాడు. ఆ ఆపరేషను విలువ మీద డాక్టర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆయనకి మాత్రం తిరుగుడు ఆగింది. 1971 ఫిబ్రవరి 5న, నలభై ఏడో ఏట, చంద్రుడి మీద నడిచాడు. గోల్ఫ్ బంతి కూడా కొట్టాడు. నేను వంటింట్లోంచి హాల్లోకి గోడ పట్టుకుని నడిచే రోజుల్లో ఆయన్నే తలుచుకుంటాను.

కానీ నన్ను కుదిపేసినవాడు షెపర్డ్ కాదు. జోనథన్ స్విఫ్ట్. గలివర్ని మరుగుజ్జుల దేశానికి పంపినాయన. కుర్రతనంలోనే ఆయనకి కళ్ళు తిరగడం మొదలైంది. నూరు ఆపిల్ పండ్లు ఒక్కసారే తినడం వల్ల వచ్చిందని నమ్మాడు. కొన్నేళ్ళకి చెవుడు వచ్చింది. అది ఆరుబయట కూర్చుని చదువుకోవడం వల్ల వచ్చిందనుకున్నాడు. 1727లో ఒక స్నేహితురాలికి ఉత్తరం రాస్తూ, ఈ తిరుగుడూ, చెవుడూ తనకి ఇద్దరు పాత స్నేహితుల్లాంటివనీ, ఇన్నేళ్ళూ వేరువేరుగా వచ్చిపోయినవి ఇప్పుడు కలిసి వస్తున్నాయనీ హాస్యమాడాడు. అంత మేధావికీ ఆ రెండూ ఒకటేనని తోచలేదు! ముసలితనంలో మతి చెడితే, ఆయనకి మొదట్నించీ పిచ్చేనని లోకం అనేసింది. ఆయన పోయింది 1745లో. పోయాక నూరేళ్ళకి, 1849లో, విలియం వైల్డ్ అనే చెవి డాక్టరు, నాటకాల ఆస్కార్ వైల్డ్ తండ్రి, ఆయన పిచ్చివాడు కాదని వాదిస్తూ పుస్తకం రాశాడు. 1880ల మొదట్లో బక్‌నిల్ అనే డాక్టరు ఆ పాత ఉత్తరాలన్నీ తిరగేసి, ఇది మెనియర్ జబ్బు అన్నాడు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా దొడ్డమ్మ, మా అమ్మకి పెద్దక్క, చాలా పనిమంతురాలు. కానీ ఉన్నట్టుండి చీకటి గదిలో చేరి తలుపు వేసుకునేది. పెదనాన్నగారితో, "కళ్ళు తిరుగుతున్నాయండీ" అనేది. ఆయన, "పైత్యం. ధనియాల కషాయం తాగు" అనేవారు. మా అమ్మతో, "చెవిలో బియ్యం మిల్లు ఆడుతున్నట్టుందే" అనేది. మా అమ్మ వెచ్చని నువ్వులనూనె చుక్క వేసేది. మా పిల్లలతో, "ఇటు ఈ చెవి వైపు వచ్చి చెప్పండర్రా" అనేది. ముగ్గురికీ మూడు ముక్కలు చెప్పింది. ముగ్గురిలో ఒక్కరూ రెండో ముక్క అడగలేదు.

1991లో మా చిన్నపిన్ని పెళ్ళి. విడిదింటికి ఫలహారాలు పంపే వేళకి దొడ్డమ్మ గోడ పట్టుకుని కూలబడింది. "పనివేళకి భలే వస్తుందమ్మా ఈవిడ పైత్యం" అంది ఎవరో బంధువు. అందరూ నవ్వారు. నాకు అప్పుడు పదకొండేళ్ళు. నేనూ నవ్వాను.

అదొక్కటే అయితే మరిచిపోదును. మేం పిల్లలం ఒక ఉపాయం కనిపెట్టాం. ఆవిడ ఎడమ చెవి వైపుకి వెళ్ళి, చిన్న గొంతుతో, "దొడ్డమ్మా, అటక మీది జంతికలు తీసుకోమా?" అని అడిగేవాళ్ళం. ఆవిడకి వినపడేది కాదు. పిల్లలేదో ముద్దుగా అంటున్నారనుకుని నవ్వి తలూపేది. డబ్బా ఖాళీ చేశాక పట్టుబడితే, "నిన్నడిగే తీశాం" అనేవాళ్ళం. ఆవిడ మొహం చిన్నబోయేది. వినపడలేదని చెప్పుకోవడానికి సిగ్గు. "అవునేమోలే" అనేది. ఆ ఉపాయం నాదే.

నేను డాక్టర్ని కాను. పోయినవాళ్ళకి జబ్బు పేరు పెట్టడం బక్‌నిల్ లాంటివాళ్ళకే సాహసం, నాకెక్కడి హక్కు? దొడ్డమ్మని ఎవరూ ఏ పరీక్షా చెయ్యలేదు. అయినా ఆ మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు జడ కనపడుతోంది. మెనియర్ ఆ మాట చెప్పి అప్పటికి నూట ముప్ఫై ఏళ్ళు. పారిస్ నుంచి మా ఊరికి అంత దూరమా? కాదు. దొడ్డమ్మ పడకగదికీ వసారాకీ మధ్యనే ఆ దూరమంతా. ఎవరైనా ఒకరు ఆవిడ దగ్గర కూర్చుని, "ఇంకేమిటి దొడ్డమ్మా, ఇంకా ఏమవుతుంది?" అని అడిగితే సరిపోయేది.

మొన్న మా అమ్మకి ఇదంతా చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కయ్య పోయే ముందు నాతో అంది. నాకు పిచ్చి లేదే, నిజంగానే ఇల్లు తిరుగుతుంది అని. నేను ఊరుకోవే అన్నాను" అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

నాకు ఈ జబ్బు పోదని డాక్టరమ్మ చెప్పేసింది. రాకడ తగ్గించుకోవచ్చు, వచ్చినప్పుడు ఓర్చుకోవచ్చు, నడక మళ్ళీ కుదురుకోవడానికి వ్యాయామాలు చెయ్యొచ్చు. యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల కోసం 1940లలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనేవాళ్ళు తయారుచేసినవే కొన్ని. బంతి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి కంటికి పైఎత్తున విసురుకోవాలి. పొద్దున్నే పెరట్లో నేను బంతాట ఆడుతుంటే పక్కింటావిడ ప్రహరీ మీంచి వింతగా చూస్తుంది. చూడనీండి.

మా ఇంట్లో ఇప్పుడు నాకు కళ్ళు తిరిగితే పైత్యం అనరు. మా అత్తగారే, "మెనియర్ గారు వచ్చినట్టున్నారు" అని కర్టెన్లు వేసేస్తారు. పేరు తెలిస్తే జబ్బు తగ్గదు. కానీ మంచంలో పడుకున్న మనిషి దొంగ కాకుండా పోతుంది. అది తక్కువ మాటా, మీరే చెప్పండి?

మీ ఇంట్లో కూడా చీకటి గదిలో పడుకునే దొడ్డమ్మో, పిన్నో, అత్తగారో ఉండే ఉంటారు. ఆవిడ చెప్పే మూడో ముక్క కూడా వినండి.

దొడ్డమ్మా, ఈసారి నీ మంచి చెవి వైపే వచ్చి చెబుతున్నాను. నీది పైత్యం కాదు. జంతికల డబ్బా మేమే ఖాళీ చేశాం. నువ్వు తలూపలేదు.